మోకాటి నుంచి ఊపిరితిత్తుల దాకా



మన చిక్కబళ్లాపుర జిల్లాలో బాగేపల్లి, గుడిబండ, చింతామణి పక్క ఊర్లలో ఎముకల జబ్బుల మాట ఎత్తితే చాలు, ఒక ప్రశ్న వస్తుంది. "మా బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ ఉందంటారు గదా, ఎముకల క్యాన్సర్ దాని వల్లే వస్తుందా?" అడగాల్సిన ప్రశ్నే. చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని మన నంది కొండల చుట్టుపక్కలే పుడతాయి గానీ, ఏడాది పొడుగునా పారే ఏరు మనకు ఒక్కటీ లేదు. లోతుగా బోర్లు దింపి రాతిపొరల సందుల్లోని నీళ్లు తోడుకుంటున్నాం. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా పరవాలేదనీ, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టి గుంతలు పడతాయి, మెడ, వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును చూసి డాక్టర్లు వైద్య పత్రికకు రాశారు. అంటే మన తెలుగు నేలకు ఇది పాత చుట్టమే.

క్యాన్సర్ సంగతి వేరు. 2006లో అమెరికాలోని హార్వర్డ్ నుంచి వచ్చిన ఒక పరిశోధన, చిన్నతనంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మగపిల్లల్లో ఎముక క్యాన్సర్ కాస్త ఎక్కువేమోనని అనుమానం లేపింది. అయిదేళ్ల తర్వాత, 2011లో, అక్కడివాళ్లే రోగుల ఎముక ముక్కలు తీసుకుని అందులో ఫ్లోరైడ్ ఎంతుందో నేరుగా కొలిచారు. ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లకూ, ఎముకల్లో వేరే రకం గడ్డలున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఫ్లోరైడ్ తీసిన నీళ్లు తాగడానికి పళ్లూ కీళ్లూ చాలినంత కారణం. దానికి క్యాన్సర్ భయం కూడా తగిలించనక్కర్లేదు.

మరి ఎముక క్యాన్సర్ ఏమిటి? మనం ఒకే పేరు పెట్టి పిలుస్తున్నవి రెండు జబ్బులు. ఒకటి ఎముకలోనే పుట్టి బయటికి పోయేది. ఇంకొకటి రొమ్ములోనో, ప్రోస్టేట్ గ్రంథిలోనో, ఊపిరితిత్తుల్లోనో, థైరాయిడ్‌లోనో పుట్టి ఎముకకు వచ్చి చేరేది. పెద్దవయసు వాళ్లకు "ఎముకలకు పాకిందంట" అని ఊర్లో చెప్పుకునేది చాలావరకు ఈ రెండోదే. మొదటిది అరుదు. దానిలో ముఖ్యమైన రకం ఏటా పది లక్షల మందిలో ముగ్గురికో నలుగురికో వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మన చిక్కబళ్లాపుర జిల్లా జనం పన్నెండున్నర లక్షలు. ఆ లెక్కే మనకూ వేసుకుంటే ఏడాదికి నలుగురైదుగురు. అంతేనా అనిపిస్తుంది. అయితే ఆ నలుగురైదుగురిలో ఎక్కువమంది హైస్కూలుకో కాలేజీకో పోయే పిల్లలు. అందుకే ఈ పూట దాని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

దాని పేరు ఆస్టియోసార్కోమా. మోకాటికి పైన తొడ ఎముక చివర్లో, మోకాటికి కింద కాలి ఎముక మొదట్లో, భుజం దగ్గర చేతి ఎముకలో ఎక్కువగా పుడుతుంది. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు వయసులో ఎక్కువ. ఆ చోట్లే ఎందుకు, ఆ వయసే ఎందుకు? పిల్లలు ఎత్తు పెరిగేది ఆ చోట్ల నుంచే, ఆ వయసులోనే. నిరుడు కొన్న ప్యాంటు ఈ ఏడు పిక్కల మీదికి వచ్చిందంటే ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం మోకాలి చుట్టూ జరిగిందన్నమాట. అక్కడ కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి. ఎంత వేగంగా చెందాలో, ఎప్పుడు ఆగాలో వాటికి సంకేతాలు అందుతుంటాయి. జబ్బు ఆ సంకేతాలను పట్టుకునే పెరుగుతుంది.

సంకేతమంటే ఏమిటో కొంచెం వివరంగా చూద్దాం. తల లోపలి పిట్యూటరీ గ్రంథి పెరుగుదల హార్మోనును వదులుతుంది. అది కాలేయం చేతా, ఎముక చేతా ఐజీఎఫ్-1 అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. ఈ ప్రొటీన్ వచ్చి ఎముక కణం పైపొర మీద ఉన్న రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. కణంలోకి పోదు, బయటే ఉండిపోతుంది. లోపల మాత్రం ఆ రిసెప్టర్ పక్క ప్రొటీన్‌కు ఒక ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్ పనిలోకి దిగి ఇంకోదానికి తగిలిస్తుంది. అట్లా ఒకదాని వెంట ఒకటి కణకేంద్రకం దాకా పోయి, ఏ జన్యువు పని చేయాలో తేలుతుంది. విభజన చెందాలా, ఎముక కట్టాలా, ఉన్నచోటి నుంచి కదలాలా, చచ్చిపోవాలా అన్నవన్నీ ఇట్లా నిర్ణయమయ్యేవే. పనయ్యాక ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైములు కూడా ఉంటాయి. తగిలించడం, ఊడదీయడం అనే ఈ సంగతిని 1955 ప్రాంతంలో అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ తేల్చారు. 1992లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

తగిలించే ఆ ఫాస్ఫేట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఏటీపీ అనే అణువు నుంచి. ఇక్కడ మన తెలుగువాడొకాయన కనబడతాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1929లో కండరంలో ఏటీపీని పట్టుకోగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా పట్టుకున్నాడు. సుబ్బారావు గారి పేరు కాసేపటికి మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఆస్టియోసార్కోమా కణంలో ముందుగా చెడేది పెరుగుదల సంకేతం కాకపోవచ్చు. కాపలా జన్యువులు పోతాయి. పి53 అనే జన్యువు, ఆర్‌బీ అనే జన్యువు మామూలుగా తప్పుదారి పట్టిన కణాన్ని ఆపుతాయి, ఆపలేకపోతే చంపుతాయి. పుట్టుకతోనే ఆర్‌బీ చెడిన పిల్లలకు పసితనంలో కంట్లో క్యాన్సర్ వస్తుంది. దాన్నుంచి బయటపడిన పిల్లల్లో కొందరికి పదేళ్లు దాటాక ఎముకలో ఈ జబ్బు వస్తుంది. కాపలా లేని కణానికి, వయసు తెచ్చిన పెరుగుదల సంకేతాలు తోడవుతాయి. ఏకేటీ, ఎమ్‌టార్ వంటి ప్రొటీన్ల మీద తగిలిన ఫాస్ఫేట్ ఊడకుండా ఉండిపోతుంది. ఆగమన్నది వినపడదు, పెరగమన్నదే వినపడుతుంది.

గడ్డ పెరగడం ఒక ఎత్తు, గడ్డ నుంచి కణాలు బయలుదేరడం ఇంకో ఎత్తు. ప్రాణం తీసేది రెండోదే. గడ్డ తనకు రక్తం కావాలని వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదిలి కొత్త రక్తనాళాలు వేయించుకుంటుంది. హడావుడిగా వేసిన నాళాలు కాబట్టి గోడలు పలచగా, సందులతో ఉంటాయి. ఆ సందుల్లోంచి క్యాన్సర్ కణాలు నెత్తురులో పడతాయి. కాలి నుంచి పైకి పోయే నెత్తురంతా గుండె కుడివైపుకు వచ్చి, అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. వెంట్రుక కంటే సన్నని నాళాలు మొదట ఎదురయ్యేది అక్కడే. అందుకే ఈ జబ్బు పాకితే ముందు ఊపిరితిత్తులకే పాకుతుంది.

దారి అదే అయినంత మాత్రాన పని కాదు. అక్కడికి చేరిన కణాల్లో చాలావరకు చచ్చిపోతాయి. బతికే కొన్నిటి దగ్గర ఏముందో కనుక్కోవడానికి పాతికేళ్లుగా పని జరుగుతోంది. ఒకటి, సీఎక్స్‌సీఆర్4 అనే రిసెప్టర్. ఊపిరితిత్తులు, ఎముక మూలుగ వదిలే ఒక రసాయనాన్ని అది పసిగట్టి కణాన్ని అటువైపు నడిపిస్తుంది. 2001లో రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఇది బయటపడింది, ఆ తర్వాత ఆస్టియోసార్కోమాలోనూ కనబడింది. ఇంకొకటి ఎజ్రిన్. కణం పైపొరను లోపలి చట్రానికి కట్టి ఉంచే ప్రొటీన్ అది. చంద్ ఖన్నా అనే పశువైద్యుడు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఉండగా, ఈ జబ్బు పాకడంలో దాని పాత్రను 2004లో ప్రకటించాడు. పశువైద్యుడు ఎందుకంటే, పెద్ద జాతి కుక్కలకు ఈ జబ్బు మనుషుల కంటే చాలా ఎక్కువగా వస్తుంది, అచ్చం మనకు పాకినట్టే ఊపిరితిత్తులకు పాకుతుంది. ఎజ్రిన్ ఎక్కువగా ఉన్న గడ్డలు కుక్కల్లోనూ, పిల్లల్లోనూ తొందరగా పాకినట్టు ఆ బృందం చూసింది. కొత్తచోట దిగిన కణం మొదటి ఘడియల్లో చావకుండా ఉండటానికి కావలసిన సంకేతాలను ఎజ్రిన్ అందిస్తుంది.

మూడోది విన్నప్పుడు నాకైతే ఒళ్లు జలదరించింది. ఊపిరితిత్తుల కణాల మీద ఫాస్ లైగాండ్ అనే ప్రొటీన్ ఎప్పుడూ ఉంటుంది. ఫాస్ అనే రిసెప్టర్ ఉన్న అనవసరపు కణం ఏదైనా వచ్చి దానికి తగిలితే, ఆ కణానికి చావు సంకేతం అందుతుంది. ఊపిరితిత్తులు తమను తాము కాచుకునే పద్ధతుల్లో ఇదొకటి. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రిలో యూజినీ క్లైనర్‌మన్ బృందం చూసిందేమంటే, అక్కడ నిలదొక్కుకున్న ఆస్టియోసార్కోమా గడ్డల్లో ఫాస్ దాదాపు లేదు. చావమని చెప్పే చోటికి వెళ్లి, ఆ మాట వినే చెవి లేని కణాలే బతికాయి.

ఇదంతా ఎప్పుడు జరుగుతుంది? మనం అనుకునే దానికంటే ముందే. 1970 దాకా ఈ జబ్బుకు ఒకటే వైద్యం, కాలు తీసేయడం. గడ్డ మొత్తం పోయేది, పుండు మానేది, పిల్లవాడు ఇంటికి పోయేవాడు. అయినా ప్రతి పదిమందిలో ఎనిమిది మంది ఏడాది రెండేళ్లలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయేవారు. కాలు తీసేనాటికి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా, కణాలు అప్పటికే చేరి ఉన్నాయన్నమాట. కత్తికి అందని ఆ కణాల కోసం నెత్తురులో తిరిగే మందు కావాలి.

సుబ్బారావు గారు మళ్లీ ఇక్కడే వస్తారు. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరక్క ఆయన 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది, ఆపైన ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులనూ తయారు చేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. వేగంగా విభజన చెందే కణానికి డీఎన్‌ఏ కట్టుకునే సామాను అందకుండా చేస్తుంది అది. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు. 1970 దశకం మొదట్లో బోస్టన్‌లో నార్మన్ జాఫే అనే పిల్లల డాక్టరు, ఆ మెథోట్రెక్సేట్‌ను మామూలుగా ఇచ్చే దానికి ఎన్నో రెట్లు ఇచ్చి, ప్రాణం మీదికి రాకుండా గంటల తర్వాత లూకోవోరిన్ అనే విరుగుడు ఇచ్చి, ఆస్టియోసార్కోమా మీద పని చేయించాడు. ఇప్పుడు మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని నెలలు ఇస్తారు. జబ్బు పాకకముందే దొరికిన పిల్లల్లో నూటికి అరవై నుంచి డెబ్బై మంది బతుకుతున్నారు. కాలు కూడా చాలామందికి దక్కుతోంది. గడ్డ ఉన్న ముక్క తీసి లోహపు ఎముక వేస్తారు. అప్పటికే ఊపిరితిత్తుల్లో కనబడేంత గడ్డలుంటే మాత్రం నూటికి ఇరవై ముప్పై మందే. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా కాలమే.

కెనడా దేశపు టెరీ ఫాక్స్ పేరు వినే ఉంటారు. 1976 చివర్లో మోకాటి నొప్పి మొదలైంది. బాస్కెట్‌బాల్ ఆటల కాలం అయ్యేదాకా పట్టించుకోలేదు. 1977 మార్చిలో ఆస్టియోసార్కోమా అని తేలి, కుడికాలు మోకాటి పైకి తీసేశారు. పద్దెనిమిదేళ్లు. 1980లో కృత్రిమ కాలితో, క్యాన్సర్ పరిశోధనకు చందా కూడబెట్టడానికి దేశం అడ్డంగా పరుగెత్తాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. దగ్గు, ఛాతీ నొప్పి వచ్చి ఆగిపోయాడు. ఊపిరితిత్తులకు పాకింది. 1981 జూన్‌లో, ఇరవై రెండేళ్లకు పోయాడు.

ఇక బయట పుట్టి ఎముకకు చేరే రెండో జబ్బు. 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే శస్త్రవైద్యుడు, రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది స్త్రీల శవపరీక్ష కాగితాలు తిరగేశాడు. క్యాన్సర్ ఎక్కడంటే అక్కడికి పోవడం లేదు, కొన్ని అవయవాలకే పోతోంది, ఎముకలకు బాగా పోతోంది. విత్తనం ఎటైనా పడవచ్చు గానీ సరిపడే నేలలోనే మొలుస్తుందన్నాడు. రాగి, సెనగ వేసే మన రైతులకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. ఎముక ఎందుకు సరిపడే నేల అయిందో మాత్రం ఆ తర్వాత నూరేళ్లకు గానీ తేలలేదు.

మన ఎముక రాయిలా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ రోజూ కొంచెం కరుగుతూ, కొంచెం కట్టుకుంటూ ఉంటుంది. కట్టే కణాలు వేరు, కరిగించే కణాలు వేరు. కట్టే కణాలే ర్యాంక్ లైగాండ్ అనే ప్రొటీన్‌తో కరిగించే కణాలకు పని చెబుతాయి. మోతాదు మించకుండా ఆస్టియోప్రొటెజెరిన్ అనే ఇంకో ప్రొటీన్ మధ్యలో అడ్డుపడుతుంది. ఈ జంట 1997, 98 ప్రాంతాల్లో బయటపడింది. రొమ్ము క్యాన్సర్ కణం ఎముకలో దిగి ఒక ప్రొటీన్ వదులుతుంది. దానితో కట్టే కణాలు ర్యాంక్ లైగాండ్‌ను ఎక్కువ చేస్తాయి, కరిగించే కణాలు చెలరేగుతాయి. ఎముక కరిగితే అందులో దాగి ఉన్న టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్ వంటి పెరుగుదల ప్రొటీన్లు బయటపడతాయి. అవి క్యాన్సర్ కణానికే బలమిస్తాయి. అది ఇంకా ఎక్కువ వదులుతుంది. ఎముక పెళుసుబారి చిన్న కుదుపుకే విరుగుతుంది, కరిగిన కాల్షియం నెత్తురులో పెరిగి విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత వస్తాయి. క్యాన్సర్ ఉన్న మనిషికి ఇవి ఒక్కసారిగా కనబడితే వయసు మీద నెట్టకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి. ప్రోస్టేట్ క్యాన్సర్ దీనికి భిన్నంగా ఎముకను అడ్డదిడ్డంగా కట్టిస్తుంది, అదీ బలమైన ఎముక కాదు.

ఈ చక్రాన్ని తెంపే మందులు రెండు వాడుకలో ఉన్నాయి. జోలెడ్రోనిక్ ఆమ్లం కరిగించే కణాలను అణుస్తుంది, డెనోసుమాబ్ ర్యాంక్ లైగాండ్‌ను పట్టి కట్టేస్తుంది. ఎముకలు విరగడం, నొప్పి తగ్గుతాయి. అదే జోలెడ్రోనిక్ ఆమ్లాన్ని ఆస్టియోసార్కోమా పిల్లలకు ఫ్రాన్స్‌లో ఇచ్చి చూశారు. 2016లో ఫలితం వచ్చింది, ప్రయోజనం లేదు. ఒకే పేరుతో పిలిచినా రెండూ వేరు జబ్బులని ఇంతకంటే గట్టి రుజువు ఏముంది?

సంకేతాల గురించి ఇంత తెలిసినప్పుడు వాటిని ఆపే మందు ఏదీ అని అడుగుతారు. రెగోరఫెనిబ్ అనే మాత్ర ఉంది, ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములను కొన్నిటిని ఒకేసారి అడ్డుకుంటుంది. తిరగబెట్టిన ఆస్టియోసార్కోమాలో జబ్బును కొన్ని నెలలు నిలబెట్టగలదని 2019లో రెండు పరీక్షలు చూపాయి. నయం చేయదు. ఒక సంకేతం మూస్తే కణం ఇంకో దారి చూసుకుంటుంది. యాభై ఏళ్ల నాటి మెథోట్రెక్సేట్ వైద్యాన్ని పక్కన పెట్టించగల మందు ఇంకా రాలేదు. అందుకని మన చేతిలో ఉన్న బలమైన ఆయుధం ఇప్పటికీ ముందుగా కనిపెట్టడమే.

అక్కడే మన పక్క ఆలస్యం జరుగుతుంది. పిల్లవాడు ఆటల్లో పడ్డాడనుకుంటాం. నూనె పట్టిస్తాం, గట్టిగా మర్దన చేయిస్తాం, ఆకు కట్టు కడతాం. తగ్గకపోతే పుత్తూరు కట్టుకు బండెక్కిస్తాం. విరిగిన ఎముక అతకడంలో పుత్తూరుకు పేరుంది, నేను కాదనను. అయితే విరగకుండానే వాచిన ఎముకకు కట్టు మందు కాదు. గడ్డను నలిపితే కణాలు నెత్తురులోకి పోయే దారి సులువవుతుందని డాక్టర్లు మర్దన వద్దనడం ఊరికే కాదు.

ఎదిగే పిల్లలకు కాళ్ల నొప్పులు మామూలే. అవి చాలావరకు రెండు కాళ్లకూ వస్తాయి, వస్తూ పోతూ ఉంటాయి, వాపు ఉండదు, పొద్దున్నే మళ్లీ ఆడుకుంటారు. ఒకే కాలికి, ఒకే చోట, రోజురోజుకు పెరిగే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, పక్కన గట్టిగా తగిలే వాపు ఉంటే సంగతి వేరు. రెండు మూడు వారాలు దాటనివ్వకండి. బాగేపల్లి, చింతామణి తాలూకా ఆస్పత్రుల్లోనూ, చిక్కబళ్లాపురం జిల్లా ఆస్పత్రిలోనూ ఎక్స్‌రే తీస్తారు. అనుమానముంటే బెంగుళూరు కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, 1973 నుంచి నడుస్తోంది. మన ఊళ్ల నుంచి నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ. దారి ఖర్చు, వైద్యం ఖర్చు అని వెనకాడేవాళ్లు రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకుని ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక పథకం గురించి ఆస్పత్రిలోనే అడగండి.

ఇంకొక్క మాట. గడ్డ ముక్క తీసి పరీక్షించే బయాప్సీని దొరికిన చోట చేయించకండి. సూది ఎక్కడ గుచ్చారో ఆ దారినంతా తర్వాత ఆపరేషన్‌లో తీసేయాల్సి వస్తుంది. తప్పు చోట గుచ్చితే నిలవాల్సిన కాలు పోవచ్చు. ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో చేస్తారో బయాప్సీ కూడా అక్కడే చేయించండి, పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ వెంట తీసుకుపోండి.